కాకి ముట్టలేదు, కుక్క తిన్నది

శనివారం పొద్దున ఆరుంబావుకు ఇబ్రహీంపట్నం బస్టాండులో ఉన్నవాళ్ళు, ఉన్నవి: మా పెద్దమ్మ, నేను, ఆమె ఆధార్ కార్డు, రెండు నీళ్ళ సీసాలు, నాలుగు చపాతీల డబ్బా, ఇంటి నుంచి మా వెనకే వచ్చి బస్టాండు గేటు దగ్గర కూర్చున్న గోధుమరంగు కుక్క.

ఈ ప్రయాణానికి కారణం ఆ కుక్కే కాబట్టి ముందు దాని సంగతి చెప్పాలి.

పెద్దమ్మ మొగుడైన మా పెద్దబాపు పోయిన నెల కాలం చేశాడు. బతికినన్నాళ్ళూ పెద్ద చెరువులో చేపలు పట్టాడు. మూడోనాడు మా వైపు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినాయన తృప్తిగా వెళ్ళిపోయినట్టు. మేము కొర్రమీను కూర, అన్నం, సీసాడు కల్లు, బీడీల కట్ట పెట్టి మధ్యాహ్నం దాకా నిలబడ్డాం. కాకి రాలేదు. కాకులు వాలే తుమ్మ చెట్లన్నీ ఏడాది కిందటే ప్లాట్లయ్యాయి. మా శ్రీశైలమన్న, అంటే పెద్దమ్మ కొడుకు, గొంతు పోయేదాకా కావ్ కావ్ అని అరిచాడు. అప్పుడు ఈ కుక్క వెనక నుంచి వచ్చి చేపా అన్నమూ తినేసింది. కల్లు వాసన చూసి వదిలేసింది. బీడీలు ముట్టలేదు. తర్వాత మా వెంటే ఇంటికి వచ్చి, పెద్దబాపు కూర్చునే గడప పక్కనే పడుకుంది.

అప్పటి నుంచి ఇంట్లో గొడవ. పంతులు కాకి ముట్టలేదు కాబట్టి కార్యం మళ్ళీ చెయ్యాలన్నాడు. శ్రీశైలమన్న ఇది అరిష్టమని, సోమవారం మున్సిపాలిటీ కుక్కల బండిని పిలుస్తానని తేల్చేశాడు. పెద్దమ్మ మాత్రం అది తన మొగుడే అంది. మొగుడి పేరు ఎత్తే అలవాటు ఆమెకు లేదు కాబట్టి కుక్కను కూడా "ఏమయ్యో" అనే పిలుస్తోంది. రోజుకు ఒక్కపూట, అదీ అర కంచం తింటోంది. "ఆయన తృప్తిపడ్డడో లేదో తెల్వకుంట నాకు ముద్ద ఎట్ల దిగుతది?" అంటుంది.

నేను కొంగరకలాన్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. లోపం కనిపిస్తే ఊరుకోలేను.

"పెద్దమ్మా, ఆ కుక్కకు ఆరు నెలలుంటయి. పెద్దబాపు పోయింది పోయిన నెల. లెక్క కుదరదు," అన్నాను.

"కల్లు తాగలే గదా అని నువ్వంటవేమో అనుకున్న," అంది.

"అవ్, అది గూడ ఉంది. పెద్దబాపు కల్లు వదిలిపెడ్తడా?"

"ముప్పై ఏండ్ల సంది మానుమని మొత్తుకున్న. ఈ జన్మల మానిండు."

నేను ఊరుకోకుండా ఇంకో మాట అన్నాను. మళ్ళీ పుడతారని మనమే కాదు, ఈ దేశంలో పుట్టిన జైనులు, బౌద్ధులు, సిక్కులు కూడా అంటారని. పెద్దమ్మ వెంటనే లేచి కూర్చుంది. "అయితే వాళ్ళనూ అడుగుదాం పా. ఒక్క డాక్టరు చెప్పిండని ఆపరేషన్ చేయించుకుంటమా?"

అలా బయలుదేరాం.

బస్సు ఆరున్నరకు కదిలింది. పెద్దమ్మకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్, నాకు నలభై. డ్రైవర్ వెనక రెండో సీటులో మంచాల అనే ఊరి నుంచి కూరగాయలు తెస్తున్న ఒక అక్క పక్కన చోటు దొరికింది. బొంగుళూరు దాటేలోపు పెద్దమ్మ ఆమెకు మొత్తం చెప్పేసింది. ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"మా అత్త పావురమై వచ్చింది," అంది. "వెంటిలేటర్ల గూడు పెట్టింది. ఇప్పటికీ నన్ను తిడుతది."

"పావురం ఎట్ల తిడుతదక్కా?" అన్నాను.

"గూట్లకెల్లి చూస్తది తమ్మీ. గా చూపు నాకు తెల్వదా?"

పెద్దమ్మ నా వైపు గెలిచినట్టు చూసింది.

ఎనిమిదింటికి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగి మెట్రో ఎక్కాం. మెట్రోలో ఆడవాళ్ళకు ఉచితం లేదని తెలిసి పెద్దమ్మ కౌంటర్ అమ్మాయిని నిలదీసింది. "బస్సుల ఆడదాన్ని, రైల్ల కాదా?" వెనక వరస పెరుగుతుంటే నేను టికెట్లు తీసుకుని ఆమెను లోపలికి తోశాను. సికింద్రాబాద్ వెస్ట్‌లో దిగాం. మేము చూసిన మూడు చోట్లూ అక్కడి నుంచి ఆటోకు అందే దూరంలోనే ఉన్నాయి. ఎవరైనా వెళ్ళదలిస్తే ఇదే వరస పాటించండి, భోజనం ఆఖరున వస్తుంది.

మొదట జైన మందిరం. తోలు వస్తువులు లోపలికి రానివ్వరు. నేను బెల్టు తీసి బయట పెట్టి, ఆ గంటసేపూ ప్యాంటును ఎడమచేత్తో పట్టుకునే మతజ్ఞానం సంపాదించాను. పాలరాయి ఎంత శుభ్రంగా ఉందంటే పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు పైకెత్తి నడిచింది. పూజ ముగించుకుని నోటికి కట్టిన గుడ్డ విప్పుతున్న ఒక పెద్దాయన దొరికాడు. బజారులో గిన్నెల దుకాణం ఆయనది. తెలుగు బాగా వచ్చు.

పెద్దమ్మ విషయం చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అమ్మా, మా లెక్కల జీవుడు ఆగడు. ఈ శరీరం వదిలిండంటే రెప్పపాటుల ఇంకో దాంట్ల చేరిపోతడు. మూడు రోజులు కాకి కోసం చూడడు."

"అయితే నేను పెట్టిన కూడు ఎవరు తిన్నట్టు?"

"కుక్క తిన్నదమ్మా."

నేను ప్యాంటు పట్టుకునే తల ఊపాను. నేను చెప్పిందీ అదే. పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"మరి ఏ దాంట్ల చేరిండో ఎట్ల తెలుస్తది?"

"చేసిన కర్మను బట్టి ఉంటది. ఆయన ఏం పని చేస్తుండె?"

పెద్దమ్మ కాసేపు పాలరాయి వైపు చూసింది. ఒక చీమను కూడా తొక్కకూడదనే చోట నిలబడి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో అప్పుడు అర్థమైంది.

"చాపలు పట్టేటోడు," అంది చివరికి. "పట్టింది ఆయన. అమ్మింది నేను. తిన్నది అందరం. పాపంల నా వాటా ఎంత?"

గిన్నెల దుకాణం పెద్దాయన నవ్వలేదు, భయపెట్టనూలేదు. "గా లెక్క మనుషులు చెయ్యలేరమ్మా. ఇయ్యాల్టి సంది ఒక జీవిని కాపాడినా లెక్కల పడ్తది," అన్నాడు. బయటికొచ్చి బెల్టు పెట్టుకుంటుంటే పెద్దమ్మ, "మంచోడే. కానీ చాపల కూర వాసన గూడ చూడనోనికి మీ పెద్దబాపు ఏం అర్థమైతడు?" అంది.

పదిన్నరకు బౌద్ధ విహారం. అక్కడ బెల్టు ఉండొచ్చు. చెప్పులు మాత్రం బయట. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక యువ భిక్షువు ఉన్నాడు. నా కంటే చిన్నవాడే అయి ఉంటాడు. పెద్దమ్మ అతన్ని "అయ్యా" అనాలో "బిడ్డా" అనాలో తేల్చుకోలేక రెండూ కలిపి వాడింది.

"అమ్మా, మేము ఆత్మ అనేది ఒకటి ఉందనం," అని అతను మొదలుపెట్టాడు.

"ఆత్మే లేకుంటే మళ్ళ పుట్టేదెవరు బిడ్డా?"

నాకూ అదే అనుమానం. అతను కాస్త ఆలోచించి, "రోజూ పెరుగు తోడేస్తవా?" అని అడిగాడు.

"వెయ్యకుంటే పొద్దుగాల సల్ల ఎక్కడిది?"

"నిన్నటి పెరుగు, ఇయ్యాల్టి పెరుగు ఒక్కటేనా?"

"ఒక్కటెట్లయితది? నిన్నటిది నిన్ననే అయిపాయె. తోడు మాత్రం దాంట్లకెల్లిదే."

"గంతే అమ్మా. మనం చేసిన పనులే తోడు. పెరుగు వేరే."

నేను నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో ఏ ప్రొఫెసర్ నోటా ఇంత తొందరగా తేలిన పాఠం వినలేదు. పెద్దమ్మ మాత్రం పాఠాన్ని పట్టుకుని ఇంకా ముందుకెళ్ళింది. "అయితే ఆయన తోడు ఏ గిన్నెల పడ్డదో చెప్పు. కుక్కల పడ్డదా?" భిక్షువు తనకు తెలియదన్నాడు. తెలుసుకోవడం కంటే ఆ వెతుకులాట వదిలెయ్యడం మంచిదన్నాడు. ఆటోలో పెద్దమ్మ నిష్ఠూరంగా, "పెండ్లి చేసుకోనోడు. వదిలెయ్యమని అల్కగ అంటడు," అంది. ఆమె కళ్ళు తుడుచుకోవడం చూసి నేను ఆటో మీటర్ వైపు చూశాను. మీటర్ పనిచెయ్యడం లేదు.

పన్నెండున్నరకు గురుద్వారా. తలకు గుడ్డ తప్పనిసరి. మర్చిపోయినవాళ్ళకు గేటు దగ్గర డబ్బాలో కాషాయ రుమాళ్ళుంటాయి. పెద్దమ్మ కొంగు కప్పుకుంది. కాళ్ళు కడుక్కుని, దండం పెట్టి, అందరికీ ఉచితంగా అన్నం పెట్టే లంగర్ హాల్లో నేల మీద వరసలో కూర్చున్నాం. నా కుడిపక్క ఒక కాలేజీ పిల్లల గుంపు, పెద్దమ్మ ఎడమపక్క స్విగ్గీ చొక్కా వేసుకున్న ఒకతను. అతను పొద్దున్నుంచీ అందరికీ అన్నం మోసి ఇక్కడికొచ్చి తింటున్నాడు.

రొట్టెల గంపతో ఒక సర్దార్‌జీ వంగుకుంటూ వస్తున్నాడు. హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగినవాడని మాట వింటే తెలుస్తుంది. పెద్దమ్మ అక్కడి పద్ధతిలో రెండు చేతులూ చాచకుండా, అలవాటుగా అర రొట్టె చాలంది. ఆ వెంటనే అడిగేసింది.

"అన్నా, సచ్చిపోయినోళ్ళు కుక్కయి పుడ్తరా?"

అతను గంప దించలేదు. "ఎనభై నాలుగు లక్షల జన్మలు ఉన్నయంటరమ్మా. కుక్క గూడ ఒకటి."

"గా లెక్క మా పంతులు గూడ చెప్తడు!"

"అందరిదీ అదే లెక్క. గా తిరుగుడు ఆగాలంటే దేవుని పేరు తలుచుకోవాలె, సేవ చెయ్యాలె. ఎవరు ఏమై పుట్టిండ్రో మాకు తెల్వదు. రోటీ పెట్టాల్నా?"

"నేనెవరో అడగవా? మేము చాపలు పట్టేటోళ్ళం."

"గట్ల అందర్ని అడుగుకుంట పోతే లైన్ ఆగిపోతదమ్మా," అని సర్దార్‌జీ రెండు రొట్టెలు వేసి ముందుకు జరిగాడు.

పెద్దమ్మ ఆ రెండు రొట్టెలను కాసేపు చూసింది. తర్వాత పప్పు పోయించుకుంది. తర్వాత పాయసం. మళ్ళీ రొట్టె. ఆమె కంచం మొత్తం ఖాళీ చెయ్యడం ఆ మూడోనాటి తర్వాత అదే మొదటిసారి. నేను చూస్తున్నానని తెలిస్తే ఆపేస్తుందేమోనని నా పప్పు మీద శ్రద్ధ పెట్టాను. మా చపాతీల డబ్బా మూత తియ్యలేదు.

తిరుగు బస్సు మూడింటికి. ట్రాఫిక్ వల్ల ఎల్బీనగర్ చేరేసరికే నాలుగయింది. కిటికీ పక్కన కూర్చుని నాకు అర్థమైనంత మనసులో సర్దుకున్నాను. మా పంతులుతో కలిపి నలుగురూ చెప్పినదాంట్లో తేడాలున్నాయి. ఆత్మ ఉందని ముగ్గురు, లేదని ఒకరు. కాకి కోసం ఆగుతుందని ఒకరు, ఆగదని ఒకరు. కానీ సిలబస్ ఒకటే, యూనివర్సిటీలే నాలుగు. చేసింది మన వెంట వస్తుంది. వచ్చినవాడు పోతాడు, పోయినవాడు వస్తాడు. ఈ రాకపోకల నుంచి ఎప్పటికైనా బయటపడాలి. అందాకా పక్కనున్న ప్రాణిని బాధపెట్టకుండా ఉండాలి. కట్టుబట్టలూ, దండాలూ, చెప్పులు విప్పే చోటూ మార్చుకుని ఇన్ని వందల ఏళ్ళుగా ఇదే చెబుతున్నారు. పోయినవాడి అడ్రస్ మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు.

ఇదంతా పెద్దమ్మకు చెబుదామని తిరిగితే ఆమె నిద్రపోతోంది. ఆదిభట్ల దగ్గర కళ్ళు తెరిచి, నేనేమీ అడగకుండానే, "ఆయన గాదు లేరా," అంది.

"ఎట్ల తెలిసింది?"

"తెల్వలే. అడుగుడు బంద్ చేసిన."

అయిదున్నరకు ఇంటికి చేరాం. కుక్క గడప పక్కనే ఉంది. శ్రీశైలమన్న తన బైకు తుడుచుకుంటూ, "ఏమన్నరే నీ డాక్టర్లు? సోమవారం బండి పిలువాల్నా వద్దా? బాపా, కుక్కా?" అన్నాడు.

"కుక్కనే," అంది పెద్దమ్మ.

"అయితే పిలుస్త."

"పిలిస్తే నీ కాళ్ళిరగ్గొడ్త. కుక్కయితే ఆకలి కాదారా? మీ బాపు అయితేనే పెట్టాల్నా?"

శ్రీశైలమన్న నా వైపు చూశాడు. నేను చెయ్యగలిగింది లేదని భుజాలెగరేశాను. పెద్దమ్మ గడప దగ్గరికి వెళ్ళి, నెల రోజులుగా "ఏమయ్యో" అని పిలిచినదాన్ని కాలితో మెల్లగా నెట్టింది. "ఛీ, జరుగు! గడపల పండుకుంటే మనుషులు ఎట్ల పోవాలె? కుక్క బుద్ధి." అది లేచి, ఒళ్ళు దులుపుకుని, రెండడుగులు జరిగి పడుకుంది. పేరు మారిందని దానికేమీ పట్టలేదు.

మిగిలిన చపాతీలు పాలలో నానేసి దాని ముందు పెట్టి, పెద్దమ్మ వంటింట్లోకి పోయి అన్నానికి ఎసరు పెట్టింది. కోడలు స్వరూప వదిన చాలాకాలానికి అందరికీ కంచాలు కడిగి పెట్టింది. నన్నూ ఉండమన్నారు, ఉన్నాను.

ఆ పూట ఆ ఇంట్లో కడుపునిండా తిన్న ప్రాణులు: అయిదు.