కుడి పక్కన బిగించిన జాయ్‌స్టిక్

"ఎడమ చెయ్యే కదా!"

ఈ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మా అప్ప చెయ్యి మిషన్లో పడినప్పుడు చూడడానికొచ్చిన ప్రతివాళ్లూ ఇదే మాట అన్నారు. అప్ప అంటే మా అక్క. ఒక షావుకారి షెడ్డులో కాఫీ పళ్లకి తొక్క తీసే పల్పర్ దగ్గర పనిచేసేది. మోటారు బెల్టుకి అడ్డంగా రేకు ఉండాలి. అక్కడ లేదు. బెల్టు పక్కన తొక్క ఇరుక్కుంటే తియ్యబోయింది. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు పోయాయి. బొటనవేలూ చిటికెన వేలూ మిగిలాయి.

షావుకారి గుమస్తా బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని ఇంటికొచ్చాడు. "దేవుడు చల్లగా చూశాడమ్మా. ఎడమ చెయ్యే కదా. అదే కుడిదైతే అన్నం ఎలా తినేదానివి?" అన్నాడు. మా అమ్మ అవునని తలూపింది. గుమస్తా మీద కంటే ఆ తలూపడం మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది.

ఎడమ చెయ్యట! కాఫీ కొమ్మని వంచి పట్టుకునేది ఏ చెయ్యి? అది వంచితేనే కదా కుడి చెయ్యి పళ్లు కోస్తుంది. రాగుల కోతలో కొడవలి కుడి చేతిలో ఉంటే చోడి వెన్నుల్ని గుప్పిట పట్టేది ఏది? చంటిపిల్లని చంకనేసుకుని పొయ్యి ఊదేటప్పుడు ఆ పిల్లని మోసేది ఏది? సగం పని దానిది, పేరు మాత్రం రెండోదానిది. షావుకారి కొట్లో ఎడమ చేత్తో నోటు ఇస్తే "కుడి చేత్తో ఇయ్యి" అని కసురుతారు. అలాంటి చెయ్యి పోతే వాళ్లకేం పోయింది?

అప్ప మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. ఆ చేతిని కొంగు కింద పెట్టేసుకుంది. సంతకి రావడం మానేసింది. థింసాకి కూడా రాలేదు. థింసా ఆడాలంటే పక్కవాళ్ల నడుం వెనక నుంచి చేతులు కలపాలి, ఆ చేతిని ఒకరికి ఇవ్వాలి. అందుకని ఇంట్లోనే కూర్చుంది. నెలలు గడిచాయి. కొంగు కింద నుంచి చెయ్యి బయటికి రాలేదు. ఇలాగే ఉంటే ఇక ఎప్పటికీ రాదేమోనని నాకు భయం పట్టుకుంది.

ముంచింగిపుట్టు సంత రోడ్డులో నాకు టీవీలు, సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. చిన్నప్పుడు హాస్టల్ నుంచి సెలవులకి వచ్చేటప్పుడు అరకులో బస్సు మారేవాళ్లం. బస్టాండు పక్క కొట్లో వీడియో గేమ్ పెట్టె ఉండేది. దాని ముందు నిలబడితే అప్పకి బస్సు గుర్తుండేది కాదు. "ఆడగుంటవి, నీకెందుకే ఈ ఆట?" అని కొట్టువాడు అనేవాడు. అప్ప వినేది కాదు. నాకు ఒక్క ఛాన్సు కూడా ఇచ్చేది కాదు. అలాంటి పెట్టె ఒకటి నేనే తయారుచేస్తే అప్ప ఇంట్లోంచి కదులుతుందని నా ఆశ.

జాయ్‌స్టిక్కు ఆన్‌లైన్లో తెప్పించాను. కొట్లో పాత టీవీ ఉంది, గేములు ఎక్కించుకునే చిన్న బోర్డు ఉంది. ఇక చెక్క పనే మిగిలింది. నా దగ్గరున్న ప్లైవుడ్ మరీ మందం. స్టిక్కుని కింది నుంచి బిగిస్తే పైకి బొటనవేలంత కూడా రాలేదు. చెక్కని తిరగేసి, అడుగున స్టిక్కు ప్లేటు కూర్చునేంత మేర ఉలితో లోతుగా చెక్కాను. నాలుగు బోల్టులు బిగించాను. తీరా ఆన్ చేస్తే స్టిక్కు ఎడమకి తోసినప్పుడు టీవీలో బొమ్మ కుడికి పోయింది. స్టిక్కు పైన ఎడమకి వంగితే దాని కింది కొన కుడి వైపు స్విచ్చుని నొక్కుతుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. వైర్లు అటువి ఇటు మార్చాను.

అసలు తెలివి నేను ఇంకోచోట చూపించాను. ఇలాంటి పెట్టెల్లో స్టిక్కు ఎడమ పక్క, బటన్లు కుడి పక్క ఉంటాయి. నేను స్టిక్కుని కుడి పక్కన బిగించాను. బటన్లు అసలు పెట్టలేదు. స్టిక్కు ఒక్కదానితో ఆడే ఆటలే ఎక్కించాను. అప్ప ఎడమ చేతిని కొంగులోనే ఉంచుకుని ఆడుకోవచ్చు. ఎంత బాగా ఆలోచించానో అని నాలో నేనే మురిసిపోయాను.

నాకు ఒంట్లో బాగులేదని అబద్ధం చెప్పి అప్పని కొట్టుకి రప్పించాను. వచ్చింది. పెట్టె ముందు స్టూలు మీద కూర్చుంది. చెక్క మీద కాసేపు చూపు తిప్పింది.

"బటన్లేవిరా?"

"నీకు బటన్లెందుకప్పా? స్టిక్కు ఒక్కటీ సాలు."

"మరి స్టిక్కు ఇటేపు ఎట్టినావేటి? అటేపు గదా ఉంతాది."

"ఏ పక్కనుంతే ఏటి? కుడి సేత్తో ఆడుకో. ఎడమ సెయ్యి..."

టీవీ ఆన్ చెయ్యడానికి వంగాను.

"ఆగిపోనావేటి? అను. ఎడమ సెయ్యే గదా, అను. అందరూ అన్నారు, నువ్వొక్కడివే అన్లేదు అనుకున్నాను. నువ్వు నోటితో అన్లేదు గానీ సెక్క మీద సెక్కి మరీ సూపించినావు."

గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. గుమస్తాని తిట్టాను, అమ్మని తిట్టాను, చూడడానికొచ్చిన చుట్టాల్ని తిట్టాను. వాళ్లు మాటతో ఊరుకున్నారు. నేను ఉలి పట్టుకుని కూర్చుని, ఆ చెయ్యి ఇక దేనికీ పనికిరాదని చెక్కకి బోల్టులతో బిగించాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"సూత్తన్నావేటి? డ్రిల్లు తే," అంది అప్ప. "అటేపు కన్నం ఎట్టు. బేగి."

తెచ్చాను. అప్ప పక్కనే నిలబడి పెన్సిల్‌తో గుర్తు పెట్టింది. ఎడమ పక్క కొత్త కన్నం తొలిచాను, మళ్లీ అడుగున చెక్కాను. స్టిక్కు బిగించాక అప్ప కొంగు పక్కకి తీసి చెయ్యి పైకి పెట్టింది. ఆసుపత్రిలో కట్టు విప్పినప్పటి నుంచి నేను ఆ చేతిని చూడలేదు. చూడలేకపోయాను, కానీ తల తిప్పితే ఊరుకునేలా లేదు.

స్టిక్కు పైనున్న గుండు చేతికి ఆనలేదు, జారిపోయింది. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు. అప్ప పచ్చి బూతు తిట్టి గుండు ఊడదీసింది. అరచేతిని వెల్లకిలా తిప్పి, వేళ్లు పోయిన చోట ఆ కడ్డీని పెట్టి, అటు బొటనవేలు, ఇటు చిటికెన వేలు ఆనించింది. "దీనికి పొడుగ్గా ఏదైనా తొడుగు," అంది. విరిగిన ఉలి పిడి ఒకటి ఉంటే దానికి కన్నం తొలిచి కడ్డీకి ఎక్కించాను. ఈసారి జారలేదు. లోపల స్విచ్చు టిక్కుమంది.

కుడి పక్క కన్నాన్ని పెద్దది చేసి స్టిక్కుతో పాటు వచ్చిన బటన్ ఒకటి అందులో దించాను, దాని పక్కన ఇంకో రెండు పెట్టాను. పాత బోల్టుల కన్నాలు నాలుగూ అలాగే ఉన్నాయి. లప్పం పెట్టి పూడ్చడం నిమిషం పని. పూడ్చలేదు. రోజూ నా కళ్లబడాలని వదిలేశాను.

ఆ వారం సంతకి అప్ప వచ్చింది. పెట్టెని కొట్టు ముందు వసారాలో పెట్టాను. నా కొట్టుకి ఎదురుగానే షావుకారి కొట్టు. అప్ప ఆడుతుంటే జనం ఆగి చూశారు. ముందు టీవీని చూశారు, తర్వాత చేతిని చూశారు. పసుపు కొమ్ములు అమ్మడానికొచ్చిన ఒక ముసలామె వంగి చూసి, "సెయ్యికేటైందమ్మా?" అని అడిగింది.

ఇన్ని నెలల్లో ఈ ప్రశ్నకి అప్ప ఎవరికీ జవాబు చెప్పలేదు. ఆ రోజు చెప్పింది, టీవీ చప్పుడు ఎక్కువగా ఉంది కాబట్టి గొంతు పెంచి మరీ చెప్పింది. "ఎదుర్గుండా ఉన్న సావుకారి మిసన్ తినీసింది పిన్నీ. బెల్టుకి రేకు లేదు. ఎయ్యమని అడిగితే ఇనుకోలేదు."

జనం అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి ఎదుటి కొట్టు వైపు చూశారు.

గుమస్తా రోడ్డు దాటి వచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా, "తమ్ముడూ, ఆ పెట్టె లోపల పెట్టుకో. ఆడకూతురు చెయ్యి అలా పదిమందీ చూస్తుంటే ఏం బాగుంటుంది చెప్పు?" అన్నాడు. నేను అతని చెయ్యి విదిలించుకున్నాను. ఇంకో మాట అంటే కొట్టేసేవాణ్ణే.

అప్ప టీవీ మీంచి కళ్లు తియ్యలేదు. "సూడనీ బాబూ," అంది. "ఇన్నాళ్లూ మీ తప్పుని నా కొంగులో దాసుకు తిరిగినాను. ఇంక దాయను."