రెండు కండువాలు

కళాయి పూసే హుసేన్ పీరా జమ్మలమడుగులో ఇల్లు వదిలితే నాలుగు నెలలకు గానీ తిరిగి రాడు. సంచి మోసే భుజం వైపుకు తల కాస్త వాల్చి నడుస్తాడు. ఆ సంచిలో తిత్తి, పట్టకారు, తగరం, అన్నిటికీ అడుగున రెండు పార్టీల కండువాలు. ఏ పార్టీ వీధికి పోతే ఆ పార్టీ కండువా మెడలో వేసుకునేవాడు. రెండోది బయటపడితే ప్రాణాలకే ముప్పు. ఆ భయంతోనే ప్రొద్దుటూరులో తెలిసిన రెండు వీధులు దాటి పోయేవాడు కాదు.

ఆ ఏడు ముసురు పట్టింది. తడిసిన సంచి భుజాన్ని లాగేస్తుంటే ప్రొద్దుటూరు దర్గా అరుగు మీద అంతా కుమ్మరించాడు. తడిసి బరువెక్కిన కండువాలు రెండూ చించి, తగరం రుద్దడానికి ఒక్కోదాంట్లోంచి ఒక పీలిక ఉంచుకుని, మిగతా గుడ్డ అరుగు తుడిచే లాల్‌బీకి ఇచ్చేశాడు. గోనెపట్టా కప్పుకుని వానలోనే, ఎన్నడూ పోని వీధిలోకి నడిచాడు. మలుపులో కొడవలి పట్టుకుని కాపలా ఉన్న వీరన్న ఆపాడు.

"యాడికి పోతాండావు సాయిబూ? ఏ పార్టీ నువ్వు?"

పీరా సంచి విప్పి చూపించాడు. వీరన్న రెండు రంగుల పీలికలూ పైకి లాగాడు. "ఇవేంది?"

"గిన్నెలు రుద్దే గుడ్డలప్పా. నిన్నటిదాకా ఊరికే మోసినా. ఈ పొద్దు పనికొచ్చినాయి."

వీరన్న వాటిని కాసేపు చూసి సంచిలో వేశాడు. "మా అవ్వ చెంబు శానా నల్లబడింది. రా."

వాన వెలిసేలోగా హుసేన్ పీరా, ఇరవయ్యేళ్లుగా వచ్చిపోతున్న ప్రొద్దుటూరును మొదటిసారి ఆ కొస నుంచి ఈ కొసదాకా తిరిగి చూశాడు.