గీతల గది వాసన

ప్రయోగశాలలో ఆమెను అందరూ ఎలుకలక్క అనేవారు. పెళ్ళికి ముందు నుంచీ అక్కడే పని. ఆమె చేతిలోకి తీసుకుంటే ఎంత బెదురు ఎలుకైనా పసిపిల్లలా ఒదిగిపోయేది. ఆ ఏడాది పని మాత్రం కొత్తది. ఒకే పెట్టెలో పక్కపక్కనే రెండు గదులు. ఒకదాని గోడలు తెల్లన, రెండోదానికి నల్ల గీతలు. ఎలుకను గీతల గదిలో ఉంచినప్పుడల్లా రంగుల్లో కలిపే థిన్నర్ ఆవిరి వదలాలి. తెల్ల గదిలో మామూలు గాలే. కొన్నాళ్ళకు మధ్య తలుపు తీసి, ఎటు పోతుందో చూడాలి. ఆ రోజు ఆవిరి ఎక్కడా ఉండదు. అయినా ఎలుక గీతల గదిలోకే పోయి, మూతి పైకెత్తి కూర్చునేది.

"ఏమీ లేని గదిలోకి ఎందుకమ్మా పోతుంది?" అని అడిగింది ఒకసారి.

"సుఖం దొరికిన చోటు కదా. మరవలేదు," అంది పరిశోధన చేసే డాక్టరమ్మ.

ఎలుకలక్క భర్త ఒకప్పుడు చెక్కసామానుకు రంగులు వేసేవాడు. థిన్నర్ గుడ్డ ముక్కుకు ఆనించుకోవడం మరిగి, ఒకనాడు స్పృహ తప్పి, చావు అంచుదాకా వెళ్ళొచ్చాడు. ఆ పని మానేసి ఇప్పుడు పుస్తకాల దుకాణంలో కట్టలు కడుతున్నాడు. మనిషి మారిపోయాడు. ఆమె గడపలో అడుగుపెట్టగానే ప్రయోగశాల ఏప్రన్ తనే అందుకునేవాడు, తనే ఉతికేవాడు, పడుకునేదాకా పక్కనే కూర్చునేవాడు.

"ఏమక్కా, మీ ఆయన నీ కొంగు వదలట్లేదటగా. ఆ కిటుకేదో నాకూ చెప్పరాదూ," అంది బోనులు కడిగే ఆవిడ.

ఎలుకలక్క నవ్వబోయి ఆగిపోయింది. ఏప్రన్ ముక్కు దగ్గర పెట్టుకుంది. రోజూ ఆవిరి దగ్గర నిలబడే తనకు ఆ వాసన ఏనాడో తెలియకుండా పోయింది. కానీ ఆయనకు తెలుస్తుందేమో.

మర్నాడు ఏప్రన్ ప్రయోగశాలలోనే వదిలేసి, తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ఇల్లు చేరింది. వచ్చాడు. పక్కనే కూర్చున్నాడు. హమ్మయ్య అనుకుంది. అంతలోనే ఆవిరి లేని రోజున కూడా గీతల గదిలోకి పోయే ఎలుక గుర్తొచ్చింది.

"ఏమండీ, నా దగ్గరికి ఎందుకొస్తున్నారు?"

"పెళ్ళాం దగ్గరికి కాక పక్కింటికి పోనా?"

"నవ్వులాట కాదు. నా ఒంటి మీది వాసనకేనా?"

"మొదట్లో దానికే. ఏప్రన్ ఉతికే ముందు కాసేపు... చెప్పడానికి మొహం చెల్లలేదు."

"మరి ఇప్పుడు?"

"తెలీదే. నిజంగానే తెలీదు."

ఆమె డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పుకుని, ఎలుకల మేత నిల్వచేసే గదికి మారింది. ఆవిరి లేకుండా అదే గదిలో మళ్ళీ మళ్ళీ కూర్చోబెడితే, ఎలుకకు ఆ చోటి మీద మోజు మెల్లగా విరిగిపోతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. భర్త బతకాలంటే అదే జరగాలి. కానీ ఇక్కడ ఆ చోటు తనే.

మొదట్లో వచ్చి కూర్చునేవాడు. తర్వాత తర్వాత మధ్యలోనే లేచి వెళ్ళిపోసాగాడు. ఈ సాయంత్రం ముందుగదిలోనే ఉండిపోయాడు. కుర్చీ కదిలిన చప్పుడు ఒక్కటే వినిపించింది. పిలిస్తే వస్తాడు. అందుకే పిలవలేదు. మంచం అంచున కూర్చుని, ఊపిరి బిగబట్టి, అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించింది.