ఆగ్నేయ మూలన పెట్టిన వేడినీళ్ళ మెషిను

పిల్లలూ, మీ పిన్ని కూతురు అంత బొద్దుగా ఎలా అయిందని మొన్న ఫోన్లో అడిగారు కదా. నీళ్ళు బాగా పోశామర్రా, అందుకు. ఆ నీళ్ళు కాగడానికి ముందు ఈ ఇంట్లో ఎంత తెలివితక్కువతనం కాగిందో మీకెవరూ చెప్పి ఉండరు. మీ తాతయ్య చెబితే అందులో ఆయన తప్పు ఉండదు. అందుకని నేనే చెబుతున్నాను.

పోయిన చలికాలంలో మీ పిన్ని తొలి కాన్పుకి విజయనగరం వచ్చింది. బాలింతకి వావిలాకు కషాయం కలిపి, పొగలు కక్కే నీళ్ళు బిందెల కొద్దీ పొయ్యాలి. మా గీజరు ఒక బకెట్టుకే ఉస్సురంటుంది. పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగు పెడదామంటే పొగ పసిదానికి పడదన్నారు మీ తాతయ్య. అంతవరకూ బాగానే చెప్పారు. ఆ తర్వాతే కొట్టుకి వెళ్ళి, సాయంత్రానికి పంతులై తిరిగొచ్చారు.

"ఒసే, హీట్ పంపంట. గాలిలో వేడిని లాగి నీళ్ళలో పెడతాది. ఒకొంతు కరెంటు తిని మూడొంతుల వేడి ఇస్తాదంట!"

"పుష్యమాసం గాలిలో వేడేటండీ? కొట్టువాడి నోటి గాలి తగిలుంటాది మీకు."

ఆయన వినలేదు. రకాలన్నీ నాకు ఏకరువు పెట్టారు. భూమిలో గొట్టాలు పాతి, మట్టిలో వేడిని లాగేది ఒకటి. "అంత తవ్వితే రామతీర్థంలోలాగ బౌద్ధుల నాటి పాత ఇటికలు బయటపడతాయి. సర్కారోళ్ళొచ్చి మన పెరడు పట్టుకుపోతారు" అని దాన్ని ఆయనే కొట్టేశారు. వేసవిలో గదిని చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంచే ఏసీ ఇంకొకటి. మన ఊరి చలికి దుప్పటి చాలదూ? ఇక నీళ్ళు కాచేవి రెండు రకాలు. ఒకదానికి ట్యాంకు లోపల, పెట్టె బయట. రెండోదానికి ట్యాంకు నెత్తినే మెషిను కూర్చుని ఉంటుంది. రెండు ముక్కలైతే వాస్తు రెండుసార్లు చూపించాలని, ఒక్క ముక్కది తెచ్చారు.

వాస్తు చూపించింది మాత్రం నేనే. సిద్ధాంతిగారు గుమ్మంలో నిలబడి, మెషిను వంక చూడకుండానే, "నీళ్ళు కాచేది కాబట్టి అగ్ని. ఆగ్నేయంలో పెట్టండి" అన్నారు. మా ఇంటి ఆగ్నేయంలో ఉన్నది సామాన్ల గది. మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి, ఉన్నది ఒక్కటే కిటికీ. అక్కడే పెట్టించాం. మొదటిరోజే ఆ గదిలో చల్లగాలి తిరుగుతుంటే, కాచిన వేడి కిటికీలోంచి పోతోందని నాకు అనిపించింది. అన్నం గిన్నె మీద మూత పెట్టినట్టు, గోనెసంచులు కుట్టి కిటికీ మూసేశాను. తలుపు కూడా బిగించాను. మెషిను కింద నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతుంటే, ట్యాంకు కారుతోందని మీ తాతయ్య గిన్నె పెట్టారు. ఇద్దరం ఇద్దరమే.

మర్నాడు పొద్దంతా మెషిను రొద పెట్టింది. నీళ్ళు మాత్రం గోరువెచ్చన. బాలింత వణుకుతూ బయటికొచ్చింది. సరిగ్గా ఆ బుధవారమే శ్రీకాకుళం నుంచి మా వియ్యపురాలు వచ్చింది. తిన్నగా స్నానాల గదిలోకి వెళ్ళి బిందెలో చెయ్యి ముంచింది.

"ఏటి వదినా, ఇవి బాలింతకి పోసే నీళ్ళా, బట్టలు జాడించే నీళ్ళా?"

"కొత్త మెషిను వదినా. కుదురుకుంటాది."

"అది కుదురుకునేలోపు నా కోడలికి వాతం సేస్తాది. ఆదివారం కారు తెస్తాను. తల్లినీ పిల్లనీ పంపీయి, మా ఇంట్లో నేనే పోసుకుంటాను."

నెల తిరక్కుండా బాలింతని పుట్టింటి నుంచి తీసుకుపోతే, కన్నతల్లికి నీళ్ళు పొయ్యడం చేతకాలేదని చాటింపు వేసినట్టే.

గురువారం మిట్టమధ్యాహ్నం చింతపండుకని ఆ గది తలుపు తీశాను. ఒళ్ళు జిల్లుమంది. వసారాలో నూనెలా ఉన్న కొబ్బరినూనె, అక్కడ సీసాలో గడ్డకట్టి ఉంది. మెషిను రేకుల మీద తెల్లగా మంచు! మీ తాతయ్య సాలూరు ఫోను చేసి, లారీల్లో ఏసీలు బాగుచేసే మెకానిక్కుని పిలిపించారు. అతను గది చూసి నవ్వాడు.

"గోనిసంచులెవరు కుట్టేరమ్మా?"

"నేనే నాయనా."

"బాగా కుట్టేరు. మెషిను పీక నొక్కీసేరు."

చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "గొట్టాల్లో సల్లటి మందు ఉంటాది. ఫ్యాను గాలి తోస్తే ఆ గాలిలో వేడి తాగి ఆవిరైపోద్ది. ఆ ఆవిరిని కంప్రెషరు నొక్కుతాది. సైకిలుకి గాలి కొడితే పంపు అడుగు కాలదా? అలాగ. ఆ వేడి నీళ్ళకిచ్చీసి, వదులై మళ్ళీ సల్లబడతాది. మీ ఫ్రిజ్జు సేసేదీ ఇదే, లోపలి వేడి తీసి ఎనకాల పారబోస్తాది."

"మరి నిప్పెక్కడుంటాది?"

"నిప్పేటమ్మా! గాలిలో వేడిని మోసుకొస్తాది, అంతే. మీరు తలుపేసీసేరు. ఉన్న వేడంతా లాగీసింది. ఇంకేటి మోస్తాది? కింద పడే నీళ్ళంటారా, గాలిలో సెమ్మ."

సాయంత్రానికి మెషినుని పెరట్లో చూరు కిందికి మార్చించాం. అది ఈశాన్యం. సంగతి తెలిసి సిద్ధాంతిగారు ఫోను చేశారు.

"ఈశాన్యంలో అగ్నా అమ్మా?"

"అందులో అగ్గి లేదండీ బాబూ. మెకానిక్కు ఇప్పి సూపించాడు."

"అగ్ని లేకపోతే దోషం లేదు" అన్నారు, తానే కనిపెట్టినట్టు. ఆయనకిచ్చిన తాంబూలం డబ్బులు మాత్రం తిరిగి రాలేదు.

ఆదివారం వియ్యపురాలు కారుతో దిగింది. మళ్ళీ తిన్నగా బిందె దగ్గరికే వెళ్ళింది. వేళ్ళు ముంచి, "ఓలమ్మో" అని వెనక్కి లాక్కుంది. కోడలి వైపు చూడలేదు, నా వైపు అంతకన్నా చూడలేదు. తువ్వాలు అడిగి తీసుకుని లోపలికెళ్ళి, అరగంట తర్వాత ఎర్రగా కమిలిపోయి బయటికొచ్చింది. భోజనం చేసి, కారులో ఒక్కర్తే ఎక్కింది. కారు అద్దం దించి అడిగింది.

"వదినా, మా ఇంట్లో ఏ మూల ఎట్టించమంటావు?"

"గాలొచ్చే మూల" అన్నాను.