నూకరత్నంగారి వేలంపాట

2023లో వానలు మొదలైన రోజులు. అమలాపురంలో నేను స్పీచ్ థెరపిస్టుగా పనిచేసే క్లినిక్‌కి అల్లవరం వైపు నుంచి నూకరత్నంగారు వచ్చారు. మాటకీ గొంతుకీ వచ్చే ఇబ్బందులను అభ్యాసాలతో సరిచేయడం మా పని.

పడవలు ఒడ్డుకు రాగానే చేపల గంపలను కేకేసి వేలం వేయడం ఆవిడ బతుకుతెరువు. సముద్రపు హోరులో కూడా ఖంగుమని వినిపించే గొంతని పేరు. ఆ గొంతే బొంగురుపోయి, వేలం సగంలో ఉండగానే మూగబోతోంది. ఈఎన్‌టీ డాక్టరుగారు చూసి వోకల్ నాడ్యూల్స్ అన్నారు. అరిచి అరిచి స్వరతంత్రుల మీద కాసే కాయలవి.

ఆవిడ కుదురుగా కూర్చోలేకపోయారు. కొంగు మెలిపెడుతూ గుమ్మంవైపే చూస్తున్నారు.

"రేవులో నా చోటుకి అప్పుడే ఇంకొకాయన్ని తెచ్చేరండి. మాత్రేదన్నా ఇచ్చేయండి, ఎళ్ళిపోతాను."

"మాత్రతో తగ్గేది కాదండీ. కొన్నాళ్లు అరవకూడదు. తర్వాత గొంతు వాడటం కొత్తగా నేర్చుకోవాలి."

ఆవిడ చివాలున లేచారు. "నేర్చుకోవడమేటండి? పుట్టుకతో వచ్చిన గొంతండి ఇది. నాకెవరూ నేర్పలేదు."

"అందుకేనండీ, దాన్నెలా వాడుతున్నారో మీకూ తెలీదు."

విసురుగా వెళ్లిపోయారు. ఇక రారనుకున్నాను. తర్వాతి వారం వచ్చారు.

స్ట్రా ఫొనేషన్ మొదలుపెట్టాను. గ్లాసు నీళ్లలో స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా 'ఊ' అంటూ ఊదాలి. స్వరతంత్రులు ఒత్తిడి లేకుండా కదలడం అలవాటవుతుంది.

"చంటిపిల్లలాటండి ఇది!" అని గ్లాసు పక్కకు నెట్టేశారు. కాసేపటికి తనే దగ్గరకు లాక్కున్నారు.

కొన్నిసార్లు గొంతు మరీ పాడుచేసుకుని వచ్చేవారు. "పడవలొచ్చేయండి. ఉండలేకపోయేను," అనేవారు. మళ్లీ మొదటికి. గొంతు బాగయ్యేసరికి ఆవిడ చోటు మిగులుతుందా అన్న బెంగ నాకూ పట్టుకుంది.

చలికాలంలో ఓ ఉదయం, ఆవిడ గొంతు ఎలా వాడుతున్నారో చూద్దామని రేవుకు వెళ్లాను. కొత్తాయన ఒక పడవ సరుకు వేలం వేస్తున్నాడు, ఈవిడ ఇంకొకటి. గంపకీ గంపకీ మధ్య ఆగి, పొట్ట నిండా గాలి పీల్చి, కింది స్వరంలో అంకె చెబుతున్నారు.

"ఏటి రత్నమ్మా, ఇనపడట్లేదు!" అన్నాడో బేరగాడు.

"దగ్గరికి రండి, ఇనపడుద్ది."

ఇంతలో మంచి ధర పలికే పెద్ద పండుగప్ప చేపలు దిగాయి. జనం ఎగబడ్డారు. ఆవిడ మెడ నరాలు ఉబ్బాయి, పాత కేక గొంతుదాకా వచ్చింది. ఆవిడ నోరు మూసుకుని, ఊపిరి తీసుకుని, మెల్లగా పాట అందుకున్నారు. కొనేవాళ్లు వినడానికి ఒక్కొక్కరే ముందుకు జరిగారు.

పాట ముగిశాక నా దగ్గరికొచ్చారు. "పాత గొంతు రాదు కదండి?"

"రాదండీ."

"ఆయ్. పోన్లెండి. ఇంటికెళ్లి పిల్లల్ని కేకలేయడానికి గొంతు మిగిలిందండి ఇయ్యాళ," అని నవ్వారు. వెంటనే నాలుక్కరుచుకుని, "కేకలు కాదులెండి, చెప్పడానికి," అన్నారు.

పుట్టుకతో వచ్చింది మనిషిని కొంతదూరం తీసుకెళుతుంది. అక్కడ ఆగిపోయినప్పుడు, అంత పేరున్న మనిషి గ్లాసు ముందు కూర్చుని మొదటినుంచి నేర్చుకోవడం ఎంత కష్టమో నేను చూశాను. అందుకే ఇప్పుడు ఎవరైనా విసిగి గ్లాసు నెట్టేస్తే నేను తొందరపడను. అది వాళ్ల చేతికి అందేంత దగ్గరలోనే ఉంచుతాను.