బాబాయి కలిపిన గంటన్నర

ఏ రెండు విమానాశ్రయాల మధ్య దూరం అడిగినా, దారం తీయందే బాబాయి నోరు విప్పేవాడు కాదు. ఎదురుగా కంప్యూటరు ఉన్నా దాన్ని పిలవని పేరంటానికి వచ్చిన చుట్టంలా చూసి, బల్ల మీది గ్లోబు ముందుకు లాగేవాడు. ఎర్రదారం ఒక కొస ఈ ఊరి మీద బొటనవేలితో నొక్కి, రెండో కొస ఆ ఊరిదాకా బిగలాగి, స్కేలు మీద పరిచి, ఎన్ని గంటల ప్రయాణమో లెక్కకట్టేవాడు. చివర్లో ఎప్పుడూ ఒకటే మాట: "ఎక్కడం దిగడం కలిపి."

ఆ టిక్కెట్ల ఆఫీసులో ఆయన అసలు పేరు హాజరు పుస్తకానికే తెలుసు. అన్నకూతురు చిట్టి పక్కకుర్చీలో చేరాక ఊరందరికీ ఆయన దారం బాబాయే. ఒకసారి దారం కనబడకపోతే చొక్కా చేతి కుట్టు విప్పి ఆ దారంతో కొలిచాడు. పన్ను పీకడానికి అయిదు నిమిషాలన్న డాక్టరును కూడా, "ఎక్కడం దిగడం కలిపేనా?" అని అడిగి వచ్చాడు.

ఒక శుక్రవారం యజమాని చిట్టిని లోపలికి పిలిచాడు. మూడున్నర గంటల ప్రయాణాన్ని బాబాయి అయిదు గంటలన్నాడట. ఇలాంటి ఫిర్యాదు ఇది నాలుగోది. "పెద్దాయనకి లెక్క తప్పుతోందమ్మా. సోమవారం నుంచి ఇంటి పట్టున ఉండమని నువ్వే చెప్పు," అన్నాడు. ఆ గ్లోబు లేని బాబాయిని ఊహించడం చిట్టి వల్ల కాలేదు.

మర్నాడంతా ఆయన్ని ఓ కంట కనిపెట్టింది. ఒక కుర్రాడు తల్లితో వచ్చాడు. బాబాయి దారం లాగి, రెండువేల నాలుగువందల కిలోమీటర్లు, మూడున్నర గంటలు అని చీటీ రాసిచ్చాడు. సరిగ్గా ఉంది. కుర్రాడు అటు వెళ్లగానే తల్లి మెల్లిగా అదే ప్రశ్న వేసింది. మళ్లీ అదే దారం, అదే స్కేలు. "అయిదు గంటలమ్మా. ఎక్కడం దిగడం కలిపి."

ఆవిడ వెళ్లాక చిట్టి ఉండబట్టలేకపోయింది. "ఒకే దారానికి రెండు లెక్కలేంటి బాబాయ్?"

ఆయన దొరికిన దొంగలా దారం చుట్టుకుంటూ కూర్చున్నాడు. "ఎక్కినవాడికి కిటికీ ఉంటుందే. ఇంట్లో ఉన్నావిడకి గడియారం ఒక్కటే. విమానం కాస్త ఆలస్యమైతే ప్రాణం కొట్టుకుంటుంది. అదే ముందు దిగిందనుకో, వాడేదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోతుంది."

చిట్టి ఆ మాటే వెళ్లి యజమానితో చెప్పింది. ఆయన ఎక్కిన విమానాలు ఎప్పుడూ ముందే దిగుతాయని వాళ్లమ్మ వీధంతా చెప్పుకుంటుందట. "మా అమ్మ ఎవర్ని అడుగుతుంది?" అన్నాడు యజమాని. ఇంకెవర్ని అడుగుతుంది, బాబాయినే అంది చిట్టి. సోమవారం బాబాయి కుర్చీకి కొత్త దిండు వచ్చింది.

ఇప్పుడు బాబాయి లేడు. దారం చిట్టి సొరుగులో ఉంది. అది తీసినప్పుడల్లా ఆమెకు ఆయన గుండె ఆపరేషను రోజు గుర్తొస్తుంది. లోపలికి తీసుకెళ్తుంటే, "ఆరు గంటలు పడుతుందన్నారే, తిని కూర్చో," అన్నాడు. నాలుగున్నర గంటల్లోనే డాక్టరు నవ్వుతూ బయటికొచ్చాడు. చిట్టి సంతోషంతో ఎదురెళ్లింది. "అప్పుడే అయిపోయిందా డాక్టరు గారూ?"

"అప్పుడే ఏంటమ్మా? నాలుగున్నర గంటలేనని మీ బాబాయికి నిన్ననే చెప్పాను. ఎక్కడం దిగడం కలిపేనా అని కూడా అడిగాడు."