రోలర్ ఆగిన చప్పుడు

ఆసుపత్రి వెనకాల, జనరేటర్ గదికీ మందుల గోదాముకీ మధ్య ఇరుక్కున్న లాండ్రీలో ఆమెకు ఒక మారుపేరుంది. ఎదురుగా ఎవరూ అనరు. ఆమె డ్రయ్యర్ల దగ్గర్నుంచి రోలర్ దగ్గరకీ, రోలర్ దగ్గర్నుంచి మడత బల్లకీ, మళ్ళీ వెనక్కీ తిరుగుతూ ఉంటే వెనక నుంచి ఎవరో ఒకరు సన్నగా "మ్యావ్" అంటారు. కాలుగాలిన పిల్లి అని చెప్పడానికి ఆ మాత్రం చాలు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసినా ఆగదు. తను ఆగితే ఎక్కడో ఏదో చెడుతుందని ఆమె నమ్మకం.

ఈ పనికి ఆమెను తీసుకొచ్చింది వదిన, అంటే అన్న భార్య. అప్పటికే వదిన రోలర్ మీద చెయ్యి తిరిగిన మనిషి. పరీక్ష తప్పి ఇంట్లో కూర్చున్న ఆడపడుచును "ఇంట్లో నన్ను సాధించే బదులు అక్కడికొచ్చి దుప్పట్లను సాధించు" అని వెంటబెట్టుకొచ్చింది. రోలర్ అంటే మంచమంత పొడవుండే వేడి ఇనుప గొట్టం. ఇటు ఇద్దరు తడి దుప్పటి అంచులు పట్టి అందిస్తే, అటు ఇద్దరు ఇస్త్రీ అయి వచ్చినదాన్ని అందుకుని మడతపెడతారు. అంచు వంకరపోతే ముడతలు పడతాయి. గుడ్డ గొట్టానికి చుట్టుకుంటే మాడుతుంది. పక్కనే ఎర్ర బటన్ ఉంటుంది, నొక్కితే మెషిన్ ఆగుతుంది. మొదటి రోజున వదిన నేర్పిన పాఠం ఇంతే: "చూపు గుడ్డ మీద పెట్టు, చెవి మెషిన్ మీద పెట్టు, నోరు మాత్రం నా మీద పెట్టకు."

ఆమె చాలా ఏళ్ళు ఆ రోలర్ ముందే నిలబడింది. పెళ్ళయింది, కూతురు పుట్టింది, అత్తగారు వచ్చి వాళ్ళతోనే ఉండిపోయింది. రోలర్ మాత్రం మారలేదు. అప్పటి ఇన్‌ఛార్జిని అందరూ 'ముని' అనేవారు. అద్దాల గదిలో కుర్చీకి అతుక్కుని పేపరు చదువుకునేవాడు. ట్రాలీ ఆలస్యమైతే తపస్సు భంగమై బయటికొచ్చి శాపాలు పెట్టి, మళ్ళీ లోపలికి పోయేవాడు. ఆయన రిటైరయ్యాక, అనుభవంలో పెద్దదైన వదినను కాదని ఆఫీసరు ఈమెను ఇన్‌ఛార్జిని చేశాడు. లాండ్రీ మొత్తంలో ఈమె చెయ్యే చురుకు. చెయ్యి చురుకైనవాళ్ళ కింద పని కూడా చురుగ్గా సాగుతుందని ఆయన అనుకున్నాడు. చాలా ఆఫీసుల్లో అలాగే అనుకుంటారు.

"మూడు నెలలు చూస్తాం. ఆపరేషన్ థియేటర్ బట్టల ట్రాలీ పొద్దున టైముకు పైకి రావాలి. వస్తే నువ్వే ఇన్‌ఛార్జి. రాకపోతే మళ్ళీ రోలర్ దగ్గరికే" అన్నాడు ఆఫీసరు.

ఎక్కనివాడికి పడే భయం ఉండదు. ఎక్కిన రోజు నుంచే ఆమెకు నిద్ర పట్టలేదు. అదే గదిలో, అదే మనుషుల మధ్య నుంచి, తల వంచుకుని మళ్ళీ రోలర్ దగ్గరికి నడిచి వెళ్ళడం ఆమె కళ్ళకు కట్టినట్టు కనిపించేది. అందుకని మొదటి రోజే మునిగారి కుర్చీని బయట పడేయించి, ఆ జాగాలో సబ్బు పొడి బస్తాలు పెట్టించింది. తను కూర్చోనని ఒట్టు పెట్టుకుంది.

రెండో వారంలో ఒక పిల్ల జడ ముడి వేసుకోవడానికని రోలర్ ఆపింది. అదే సమయానికి ట్రాలీ ఆలస్యమైంది. ఆఫీసరు ఫోన్లో నాలుగు దులిపాడు. అరికాలి మంట నెత్తికెక్కి ఆమె అందరినీ నిలబెట్టి చెప్పింది: "ఇవాళ్టి నుంచి నాకు చెప్పకుండా ఎవరూ మెషిన్ ఆపడానికి వీల్లేదు."

వదిన నవ్వింది. "ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఇంట్లో సగమే ఉన్నావని ఇక్కడ పూర్తి చేశావా అమ్మాయ్?"

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆ రోజు నుంచి లాండ్రీలో "మేడం" అన్న కేక మొదలైంది. దుప్పటి అంచు మడిచిపోతే మేడం. గుండీ ఊడితే మేడం. డ్రయ్యర్ తలుపు గట్టిగా పడితే మేడం. ఆమె పరుగెత్తుతుంది, చూస్తుంది, తనే సరిచేస్తుంది. ఈ మూల సరిచేసేలోపు ఆ మూల నుంచి ఇంకో కేక. తలప్రాణం తోకకొచ్చేది. అయినా లోపల ఎక్కడో చిన్న సంతోషం కూడా ఉండేది, తను లేనిదే ఇక్కడ చీపురుపుల్ల కూడా కదలదని.

ఇంట్లోనూ అదే తీరు. అత్తగారు వండిన కూరలో ఆమె రాగానే గరిటె పెట్టి, రుచి చూసి, చిటికెడు ఉప్పు వేసేది. ఒకరోజు బస్సు దొరక్క ఆలస్యంగా వచ్చేసరికి అందరూ భోజనాలకు కూర్చుని ముఖాలు చూసుకుంటున్నారు.

"అత్తయ్యా, ఇందులో ఉప్పేదీ?"

"వెయ్యలేదమ్మా. ఎలాగూ నువ్వొచ్చి వేస్తావుగా, ఒక కూరకి ఇద్దరెందుకని మానేశాను."

భర్త పొలమారేంతగా నవ్వాడు. కూతురు ఉప్పు డబ్బా తెచ్చి తల్లి ముందు పెట్టింది. "కానివ్వమ్మా, సంతకం పెట్టు."

ఆ మాటకు ఆమెకు కోపం వచ్చింది. ఉప్పు వేసింది. కాస్త ఎక్కువే పడింది.

మూడో నెల మొదట్లో ఒకరోజు ఆఫీసరు పిలిచాడని మెయిన్ బిల్డింగుకి వెళ్ళింది. ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ప్యూను బెంచీ చూపించాడు. ఆమె ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది, లేచింది, కిటికీలోంచి లాండ్రీ పొగగొట్టం చూసింది, మళ్ళీ కూర్చుంది. ఆ సమయంలో రోలర్ మీద థియేటర్ ఆకుపచ్చ గుడ్డలు వెళ్తున్నాయి. అందులో ఒకటి గొట్టానికి చుట్టుకుంది. అందిస్తున్న పిల్ల చూసింది. అటు మడతపెట్టే ముసలాయన, అందరూ తాతయ్య అని పిలిచే మనిషి, చూశాడు. వదినా చూసింది. "మేడం" అని అరిచారు. మేడం లేదు. ఒకరు ఆఫీసుకు పరుగెత్తారు. ప్యూను "మీటింగు అయ్యేదాకా ఆగు" అన్నాడు. ఆగారు. మెషిన్ మాత్రం ఆగలేదు.

ఆమె వచ్చేసరికి గుమ్మంలోనే మాడు వాసన. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డల దొంతర, గొట్టం మీద మాడిన గుడ్డ తగిలి ఒక్కోదాని మీద అరచేతి వెడల్పున గోధుమరంగు చార. మాడిన గుడ్డల్ని కూడా అంచుకు అంచు కలిపి చక్కగా మడతపెట్టారు. అది చూశాకే ఆమెకు ఒళ్ళు మండింది.

"మీకు కళ్ళు లేవా? కాలిపోతుంటే చూస్తూ నిలబడతారా?"

తాతయ్య చేతిలోని గుడ్డను ఇంకా మడతపెడుతూనే ఉన్నాడు.

"కళ్ళున్నాయమ్మాయ్," అంది వదిన. "చేతులే నీ పర్మిషన్ కింద ఉన్నాయి."

ఆ పొద్దున ఆపరేషన్లు వెనక్కి జరిగాయి. ఆఫీసరు కేకలు వెయ్యలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "ఇంకొక్కసారి ట్రాలీ ఆలస్యమైతే నువ్వు నా దగ్గరికి రానక్కర్లేదు, నేరుగా రోలర్ దగ్గరికే పో. నీ జాగాకి బయట మనుషులున్నారు" అని ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

మర్నాడు ఆమె మళ్ళీ అందరినీ నిలబెట్టింది. "ఆ రూలు లేదు. ఎవరికి అనుమానం వస్తే వాళ్ళు ఆపండి. నన్ను అడగొద్దు."

"సరే మేడం" అన్నారు. ఎవరూ ఆపలేదు. దుప్పటి వంకరగా పోతుంటే చేతులు బటన్ దాకా వెళ్ళి, కళ్ళు ఆమె వైపు తిరిగేవి. ఒకసారి జడ పిల్ల ధైర్యం చేసి నొక్కింది. మెషిన్ ఇలా ఆగిందో లేదో ఆమె అలా ఊడిపడింది. "ఏమైంది? ఎందుకాపావు?" పిల్ల బిక్కచచ్చిపోయింది. నిజంగానే చిన్న ముడత, ఆపాల్సిందే. కానీ ఆ తర్వాత బటన్ మీద మళ్ళీ చెయ్యి పడలేదు.

భోజనాల వేళ ఆమె వెళ్ళి వదిన పక్కన చేరింది. గిన్నె తెరిచింది గానీ తినలేదు.

"నేను తిట్టలేదు కదా వదినా. ఊరికే అడిగాను."

"నువ్వు ఊరికే అడిగినా ఇన్‌ఛార్జి అడిగినట్టే ఉంటుంది. మెషిన్ ఆపాక మేం చూసేది మెషిన్‌ని కాదు, నీ మొహాన్ని."

"మొహం ఏం చేసుకోను? కోసి పక్కన పెట్టనా?"

"దూరంగా పెట్టు చాలు."

"మరి నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకు."

"ఏమీ చెయ్యకుండా ఎలా ఉంటారు?"

"మిగతా పనులన్నీ నీకు నేర్పాను. అదొక్కటే నేర్పలేదు, నాకేం తెలుసు నీకు అవసరం పడుతుందని." వదిన చెయ్యి కడుక్కుంటూ, ఆమె వైపు చూడకుండానే అంది: "నాకు రావలసిన కుర్చీ నీకొచ్చింది, ఏడవలేదు. దాన్ని తీసుకెళ్ళి బయట పారేశావు చూడు, అప్పుడేడుపొచ్చింది."

ఆ మాట ఆమెను రాత్రంతా పొడుస్తూనే ఉంది. మొహం దూరంగా పెట్టడమంటే ఎక్కడ పెట్టాలి? గదిలో ఎక్కడున్నా కాళ్ళు రోలర్ వైపే లాగుతాయి. తన కాళ్ళ మీద తనకే నమ్మకం లేదు.

మర్నాడు ఆమె గోడకు అవతలికి పోయింది. వార్డుల నుంచి వచ్చే మురికి బట్టలు వేరుచేసే గది అది. రక్తం, చీము, మందుల వాసన. ఎవరికీ ఇష్టం లేని పని. అక్కడ మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, మీద ఏప్రాను వేసుకోవాలి. అవన్నీ విప్పి, సబ్బుతో చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకోనిదే ఇస్త్రీ గదిలోకి అడుగు పెట్టకూడదు. ఆసుపత్రిలో ఆ నియమం ఎవరికైనా ఒకటే. ఆమెకు కావలసింది సరిగ్గా ఆ ఆలస్యమే. తొడుగులు వేసుకుంటుంటే తన చేతులకు తనే సంకెళ్ళు వేసుకున్నట్టనిపించింది.

గోడ అవతల రోలర్ మూలుగు వినిపిస్తూ ఉండేది. తొలి రోజుల్లో రోలర్ ఆగడమే లేదు. ఆగాల్సినప్పుడు కూడా ఆగకపోవడం ఆమె చెవికి తెలిసేది. దిండు గలీబులు దుప్పట్ల తొట్టిలో, దుప్పట్లు గౌన్ల తొట్టిలో వేసేది. పక్కనున్న పనివాడు మాట్లాడకుండా వాటిని తీసి మార్చేవాడు. తర్వాత ఒకరోజు రోలర్ ఆగింది, వెంటనే కదిలింది. ఇంకోరోజు రెండుసార్లు ఆగింది. ఆమె చెమటలు కక్కుకుంటూ తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. వెళ్ళలేదు.

నెలాఖరు దగ్గరపడింది. ఒక పొద్దున థియేటర్లో పెద్ద ఆపరేషన్లున్నాయి, గుడ్డలు రెట్టింపు పంపాలి. ఆఫీసరు స్వయంగా లాండ్రీకి వచ్చాడు. మురికి గది గుమ్మంలో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు ఇక్కడున్నావేంటి? అక్కడెవరు చూస్తున్నారు?"

"వాళ్ళే చూసుకుంటున్నారు సార్."

ఆ మాట పూర్తవుతుండగానే గోడ అవతల మూలుగు సన్నబడి, ఆగిపోయింది.

ఈసారి మళ్ళీ కదల్లేదు. జనరేటర్ గది నుంచి వచ్చే దడదడ తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఆమె రెండు చేతుల్లో ఒక దుప్పటి ఉండిపోయింది.

"మెషిన్ ఆగింది" అన్నాడు ఆఫీసరు.

"విన్నాను సార్."

"వెళ్ళి చూడు మరి. టైము చూశావా?"

"ఆపారంటే కారణం ఉంటుంది సార్."

"ఏం కారణం?"

ఆమె కాళ్ళు అప్పటికే సగం తిరిగిపోయాయి. ఎడమ చెయ్యి కుడి తొడుగు అంచు పట్టుకుంది. లాగితే వచ్చేస్తుంది. వెళ్ళి ఒక్క చూపు చూస్తే చాలు, ఏమైందో చెప్పగలదు, ఆఫీసరు దగ్గర నిలబడగలదు. కానీ తను చూసిన మరుక్షణం అవతలి నాలుగు జతల చేతులు మళ్ళీ పడిపోతాయి.

తొడుగు వదిలేసింది. "నాకు తెలీదు సార్."

"ఇన్‌ఛార్జివి, నీకు తెలీదా?"

"వాళ్ళకి తెలుసు."

ఆఫీసరు రుమాలు దించాడు. ఆమెను చూసిన చూపులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ. వాచీ చూసుకున్నాడు. గోడ అవతల వదిన గొంతు ఏదో గట్టిగా అంది, తాతయ్య ఏదో అన్నాడు, ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వుతున్నారంటే పరవాలేదా, లేక మొత్తానికే మునిగి నవ్వుతున్నారా?

రోలర్ మూలిగింది. ఆ మూలుగు లావెక్కి, మామూలైంది.

కాసేపటికి వరండాలో ట్రాలీ చక్రాల గోల వినిపించింది. ఆఫీసరు వెళ్ళి ఆపి, మీది గుడ్డ ఎత్తి, కింది గుడ్డ లాగి, వెలుతురుకు పట్టి చూశాడు. మచ్చ లేదు. టైముకు కొద్దిగా అటూ ఇటూగా ట్రాలీ లిఫ్టులోకి వెళ్ళింది. ఆయన వెనక్కొచ్చి గుమ్మం దగ్గర ఆగాడు. అవునని గానీ కాదని గానీ అనడం ఆయన ఉద్యోగంలో లేని పని.

"సరే. ఇంకో నెల చూద్దాం."

ఇంకో నెల. అంటే ఇంకో నెల ఈ గోడకు ఇవతల, ఈ తొడుగుల్లో.

సాయంత్రం బస్సులో వదినా ఆమే పక్కపక్కన కూర్చున్నారు. వదిన టమాటాల ధర గురించి మాట్లాడింది, అన్నయ్య మోకాలి నొప్పి గురించి మాట్లాడింది, జడ పిల్లకు వచ్చిన సంబంధం గురించి కావలసినదానికంటే ఎక్కువే మాట్లాడింది. రోలర్ ఊసెత్తలేదు. ఆమె కిటికీ చువ్వ మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చుంది. బెల్టు జారిందా? గుడ్డ చుట్టుకుందా? ఎవరి చెయ్యైనా కాలిందా? ఎవరు నొక్కారు? అడిగితే రేపు నొక్కేముందు మళ్ళీ ఆలోచిస్తారు. అడగకపోతే ఈ రాత్రి తనకు నిద్రుండదు.

వదిన స్టాపు వచ్చింది. సంచీ సర్దుకుని, మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"అడగవేమే?"

"అడగను."

"కడుపు పగిలి పోతావే అలా ఉంటే."

"పోతే పోయాను. దిగు, బస్సు కదులుతోంది."

వదిన నవ్వుతూ దిగిపోయింది. ఆమె ఖాళీ అయిన సీటులోకి జరిగింది, మళ్ళీ కిటికీ వైపుకు జరిగింది, ఇంకా రెండు స్టాపులుండగానే లేచి నిలబడింది.